ఒంట్లో బిగుసుకుపోయిన భయాన్ని కొంచెం కొంచెంగా సడలించుకోవడం ఎలా

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నీళ్లు తీశాక జనం బురద కడుక్కున్నారు, గోడలకు రంగులు వేయించుకున్నారు. అంత వరద చూసిన మనిషికి ఆ తర్వాత అర్ధరాత్రి వాన గట్టిగా పట్టుకుంటే మెలకువ వచ్చేయడం, గుండె దడదడలాడడం, గుమ్మం దాకా వెళ్లి రోడ్డు మీద నీళ్లు ఎంతున్నాయో చూసొస్తే గానీ పడుకోలేకపోవడం వింతేమీ కాదు. వరద అయిపోయిందని బుర్రకు తెలుసు. ఒంటికి ఇంకా నమ్మకం కుదరలేదు.

కారణం వరదే కానక్కర్లేదు. హైవే మీద లారీ గుద్దడం, ప్రాణం మీదకొచ్చిన కాన్పు, ఐసీయూలో ఒంటరిగా గడిపిన రోజులు, చిన్నప్పుడు తిన్న దెబ్బలు, హాస్టల్లో పడ్డ అవమానాలు, ఏదైనా కావచ్చు. ఒంట్లో కనిపించే తీరు మాత్రం దగ్గరదగ్గరగా ఉంటుంది. దవడ బిగుసుకుని నిద్రలో పళ్లు కొరుకుతారు. భుజాలు చెవుల వైపు లేచే ఉంటాయి. గుండెల మీద బరువు, పొట్టలో తిప్పడం, కుక్కర్ విజిల్‌కి కూడా ఉలిక్కిపడడం. కొందరిలో ఇవేవీ ఉండవు. చేతులు చల్లగా, ఒళ్లంతా మొద్దుబారి, ఏది జరిగినా తమకు కాదన్నట్టు ఉంటారు. అదీ ఇదే కోవలోది.

ఈ బిగువును ఒంటి వైపు నుంచే సడలించే పద్ధతిని వరసగా చెబుతున్నాం. ముందే ఒక మాట. ఇందులో అసలు పని చేసేది మోతాదు. కొంచెం చేయాలి, మెల్లగా చేయాలి, ఇంకా చేయగలం అనిపిస్తుండగానే ఆపాలి. బోరున ఏడిస్తేనో, గొంతు పగిలేలా అరిస్తేనో లోపలున్నదంతా ఒక్కసారే బయటపడిపోతుందని చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకంతో మొదలుపెట్టినవాళ్లకే రాత్రుళ్లు నిద్ర పట్టకపోవడం, భయం ఇంకా పెరగడం లాంటివి ఎదురవుతాయి.

ఒంట్లో మిగిలేది ఏమిటి

కండరాల్లో దుఃఖం దాక్కుని ఉంటుందని చెప్పే మాట వినడానికి బాగుంటుంది. నిజంగా మిగిలేది నాడీవ్యవస్థ నేర్చుకున్న అలవాటు. ప్రమాదం ఎదురైనప్పుడు అడ్రినలిన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, రక్తం పెద్ద కండరాల వైపు మళ్లుతుంది. పారిపోవడానికో ఎదుర్కోవడానికో ఒళ్లు సిద్ధమవుతుంది. రెండూ కుదరనప్పుడు కొయ్యబారిపోతుంది. ప్రమాదం తప్పాక ఇదంతా దానంతటదే సర్దుకోవాలి. చాలామందిలో సర్దుకుంటుంది కూడా. కొందరిలో మాత్రం ఒక వాసన, ఒక చప్పుడు, ఒక్కోసారి కూర్చున్న భంగిమ కూడా ఆ పాత వరసను మళ్లీ మొదలుపెట్టేస్తుంది. వాన వెలిసి చాలాసేపైనా గొడుగు మడవని మనిషిలా ఒళ్లు కాపలా కాస్తూనే ఉంటుంది.

దీన్ని ఒంటి వైపు నుంచి మార్చవచ్చనడానికి ఆధారం ఉంది. మెదడు నుంచి గుండె, ఊపిరితిత్తులు, పొట్ట దాకా సాగే వేగస్ నాడిలో ఎక్కువ తంతువులు కింది నుంచి పైకి, అంటే ఒంటి నుంచి మెదడుకు కబురు మోసేవే. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, పీల్చేటప్పుడు పెరుగుతుంది. కాబట్టి వదిలే ఊపిరిని పొడిగిస్తే గుండెకు నెమ్మదించే సమయం దొరుకుతుంది. కండరం సడలినా అంతే, ఆ కబురు పైకి చేరుతుంది.

అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జాకబ్సన్ కండరాలను బిగించి వదిలే పద్ధతిని 1920ల్లోనే తయారుచేశాడు. 1970ల నుంచి పీటర్ లెవీన్ రూపుదిద్దిన సొమాటిక్ ఎక్స్‌పీరియెన్సింగ్ అనే చికిత్స ఒంట్లో తెలిసే మార్పులను గమనిస్తూ సాగుతుంది; అది ట్రామా కోసం, అంటే మనసుకు తగిలిన పెద్ద గాయం కోసం, ప్రత్యేకంగా వచ్చింది. మన శవాసనం, యోగనిద్ర, భ్రామరి ఈ పనికి బాగా పనికొస్తాయి. అయితే ట్రామా తర్వాత వచ్చే జబ్బు ముదిరినప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫారసు చేసినవి ట్రామా మీద కేంద్రీకరించే సీబీటీ (ఆలోచనల తీరునూ నడవడికనూ మార్చే మాటల చికిత్స), కళ్ల కదలికలతో చేసే ఈఎండీఆర్. ఒంటి పద్ధతుల మీద పరిశోధన ఇంకా చిన్నది. సొమాటిక్ ఎక్స్‌పీరియెన్సింగ్ మీద 2017లో వెలువడిన అధ్యయనంలో ఫలితం బాగానే కనిపించినా అందులో ఉన్నది 63 మంది. అందువల్ల దీన్ని మందులకూ కౌన్సెలింగ్‌కూ తోడుగా వాడుకోండి. వేసుకుంటున్న మాత్ర ఏదీ దీన్ని చూసుకుని మానేయకండి.

మొదలుపెట్టే ముందు

గుండెల్లో బరువు, ఆయాసం, దడ అనగానే మన వైపు గ్యాస్ మాత్ర వేసుకోవడం అలవాటు. ఇంకొందరు వెంటనే టెన్షన్ అనేస్తారు. రెండూ తొందరపాటే. ముందు డాక్టరుకు చూపించుకోండి. బీపీ, ఈసీజీ, థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగరు చూస్తే చాలా అనుమానాలు తీరిపోతాయి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా చేతులు వణికి గుండె దడ వస్తుంది. రక్తం తక్కువైనా ఆయాసం వస్తుంది. వాటిని ఊపిరి అభ్యాసాలు నయం చేయవు.

ఫిట్స్ ఉన్నవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, ఈ మధ్యే ఆపరేషన్ అయినవాళ్లు, ఎవరూ లేకుండానే మాటలు వినిపించేవాళ్లు, తాగుడు ఈ మధ్యే మానేసి వణుకులో ఉన్నవాళ్లు ఇంట్లో ఒంటరిగా చేయకూడదు. నడుములో డిస్క్ సమస్య, హెర్నియా, గ్లకోమా ఉంటే కింద చెప్పబోయే వాటిలో బిగించే అభ్యాసాలూ వణుకు అభ్యాసమూ వదిలేసి చుట్టూ చూడడం, ఊపిరి వరకే ఆగండి. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే అభ్యాసం సంగతి పక్కన పెట్టి 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఇంకొకటి చాలామంది మర్చిపోతారు. భయపెట్టే మనిషి ఇప్పటికీ అదే ఇంట్లో ఉంటే, కొట్టడం ఇంకా ఆగకపోతే, ఒంటి బిగువు తన పని తాను చేస్తున్నట్టే లెక్క. ఆ పరిస్థితిలో సడలింపు నేర్చుకోవడం మొదటి పని కాదు. ముందు క్షేమంగా ఉండే చోటు చూసుకోవాలి. మహిళలకు 181, అత్యవసరమైతే 112.

చోటు, వేళ

నేల మీద చాప, దాని మీద మడతపెట్టిన బొంత, తలకింద పల్చటి దిండు, మోకాళ్ల కింద పెట్టుకోవడానికి ఇంకో దిండు. పక్కన చేతులున్న కుర్చీ ఒకటి, స్టీలు గ్లాసులో చల్లటి నీళ్లు. ఇవి చాలు. వీపు గోడకు ఆనుకుని, గుమ్మం కంటికి కనిపించేలా కూర్చోండి. గుమ్మం వెనకవైపు ఉంటే కొందరి మెడ ఎంతసేపైనా సడలదు. తలుపు గడియ పెట్టాలా వద్దా అన్నది మీ ఒళ్లు చెప్పినట్టు చేయండి. గడియ పెడితే ప్రాణం కుదుటపడేవాళ్లు ఉన్నారు, గడియ పడితేనే ఊపిరాడనివాళ్లూ ఉన్నారు.

విజయవాడ, గుంటూరు ఎండల్లో వేళ చాలా ముఖ్యం. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం చెమటలు పట్టి, గుండె వేగం పెరిగి, నోరెండిపోయి ఉంటుంది. భయం పుట్టినప్పుడూ ఒంట్లో ఉండేవి ఇవే. ఆ వేళలో మొదలుపెడితే ఒళ్లు దాన్ని ప్రమాదంగా చదువుకుంటుంది. తెల్లవారి ఆరింటికి లోపో, రాత్రి ఏడు తర్వాతో పెట్టుకోండి. తిన్నాక రెండు గంటలైనా ఆగాలి. కాఫీ, టీ గంట ముందు నుంచే వద్దు. ఫోన్‌లో టైమర్ పెడితే మెత్తటి గంట శబ్దం ఎంచుకోండి. మామూలు అలారం ఒక్కసారిగా మోగితే అప్పటిదాకా చేసింది వృథా.

చప్పుళ్లు పూర్తిగా ఆగే ఇల్లు మన ఊళ్లలో దొరకదు. రైలు కూత వినిపిస్తే కళ్లు తెరిచి, ఆ వైపు తల తిప్పి, లోపల రైలు అని పేరు పెట్టుకుని మళ్లీ మొదలుపెట్టండి. చప్పుడు విని, గుర్తుపట్టి, ప్రమాదం లేదని తేల్చుకోవడం కూడా అభ్యాసమే.

మొదటి వారం: చూపు, ఆసరా

మొదటి వారమంతా ఈ రెండే చేయండి, రోజుకు ఏడెనిమిది నిమిషాలు. చాలామంది దీన్ని దాటేసి ముందుకు దూకుతారు. తర్వాత ఇబ్బంది పడినప్పుడు తిరిగి రావడానికి చోటు ఉండదు.

కుర్చీలో కూర్చుని రెండు అరికాళ్లూ నేలకు ఆనించండి. కళ్లు తెరిచే ఉంచి, తలను నెమ్మదిగా కుడివైపు తిప్పండి. గది ఈ మూల నుంచి ఆ మూలకు చూపు వెళ్లడానికి అర నిమిషమైనా పట్టాలి. కళ్లతో పాటు మెడ కూడా తిరగాలి. ఏదో ఒక వస్తువు దగ్గర చూపు ఆగాలనిపిస్తే ఆగనివ్వండి. కిటికీలోంచి కనిపించే వేపకొమ్మ, పొయ్యి గట్టు మీద ఇత్తడి చెంబు, ఏదైనా సరే. దాని రంగు, అంచు, మెరుపు చూడండి. తర్వాత ఎడమవైపు. కాసేపటికి పెద్ద ఊపిరి ఒకటి దానంతటదే వస్తుంది, లేదా ఆవలింత వస్తుంది, నోట్లో నీళ్లూరతాయి, పొట్టలో గుడగుడమంటుంది. ఒళ్లు కాపలా సడలిస్తోందని చెప్పే గుర్తులివి. ఆవలింతను ఆపుకోకండి.

ఆసరా అంటే ఒంట్లో ప్రస్తుతానికి హాయిగానో, కనీసం మామూలుగానో ఉన్న చోటు. అరికాళ్లు, అరచేతులు, కుర్చీకి ఆనుకున్న వీపు, ముక్కు కొన, చెవి తమ్మె. ఒక్కచోటు దొరికినా చాలు. అక్కడ వెచ్చగా ఉందా, బరువుగా ఉందా, మెత్తగా ఉందా అని అర నిమిషం గమనించండి. ఒంట్లో ఎక్కడా హాయి లేదనిపిస్తే బయటి నుంచి తెచ్చుకోండి. వెచ్చటి గ్లాసు పట్టుకోవడం, ఒళ్లో బరువైన దిండు పెట్టుకోవడం, ఎడమ అరచేతిని కుడి చంక కిందా, కుడి అరచేతిని ఎడమ భుజం మీదా పెట్టి తనను తాను పొదివి పట్టుకోవడం. ఇష్టమైన మనిషి ముఖం తలచుకున్నా పనిచేస్తుంది, ఆ మనిషితో పాత గాయం ముడిపడి లేకపోతేనే.

ఊపిరి: లోతు కన్నా నిదానం

గట్టిగా ఊపిరి పీల్చుకో అనే సలహా కంగారులో ఉన్నవాళ్లకు తరచూ హాని చేస్తుంది. పెద్దగా, గబగబా పీల్చి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. పెదాల చుట్టూ, వేళ్ల కొసల్లో చీమలు పాకినట్టు ఉంటుంది, కళ్లు తిరుగుతాయి, గుండెపోటేమోనన్న భయం పుడుతుంది. ఆ భయంతో ఇంకా గబగబా పీలుస్తారు.

ముక్కుతో మామూలుగా నాలుగు అంకెలు లెక్కపెట్టే లోపు పీల్చండి. ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. అంకె అంటే దాదాపు ఒక సెకను. అలా నిమిషానికి ఆరు ఊపిరులు పడతాయి. మధ్యలో బిగబట్టొద్దు. పొట్ట మీద చెయ్యి వేసుకుంటే పీల్చినప్పుడు అది మెల్లగా లేవాలి. మొదట్లో ఆరు కుదరకపోతే మూడుకు నాలుగు చేయండి. మూడు నిమిషాలతో మొదలుపెట్టి ఐదుకు పెంచితే సరిపోతుంది.

ఊపిరి మీద ధ్యాస పెడితేనే కంగారు పెరిగేవాళ్లు ఉంటారు. నీళ్లలో మునిగినవాళ్లు, ఆక్సిజన్ పెట్టించుకున్నవాళ్లు, మెడ మీద దాడి జరిగినవాళ్లలో ఇది మామూలే. వాళ్లు ఊపిరిని లెక్కపెట్టకుండా భ్రామరి చేస్తే మేలు. నోరు మూసి తుమ్మెద నాదంలా మ్‌మ్ అంటూ వదిలితే ఊపిరి తనంతటే పొడుగవుతుంది. ధ్యాస పెదాల దగ్గరా ఛాతీలోనూ పుట్టే ప్రకంపన మీద ఉంటుంది. చెవులు మూసుకోవాలన్న నియమం ఇక్కడ పాటించక్కర్లేదు. బయటి చప్పుళ్లు వినిపిస్తూ ఉంటేనే వాళ్లకు ధైర్యం.

బిగించి వదలడం

రెండో వారం నుంచి ఇది కలుపుకోండి. ఏళ్ల తరబడి బిగుసుకుని ఉన్న భుజానికి తాను బిగుసుకున్నానన్న సంగతే తెలియదు. కావాలని ఇంకాస్త బిగించి వదిలినప్పుడు ఆ తేడా తెలుస్తుంది. తేడా తెలిశాకే వదలడం చేతనవుతుంది.

చాప మీద వెల్లకిలా పడుకుని మోకాళ్ల కింద దిండు పెట్టుకోండి. ఒక్కో భాగాన్ని ఐదు నుంచి ఏడు సెకన్లు బిగించి, ఒక్కసారిగా వదిలి, ఇరవై నుంచి ముప్ఫై సెకన్లు ఊరికే గమనించండి. బిగించే బలం మీ శక్తిలో సగాన్ని కాస్త మించితే చాలు. వరస ఇది:

1. కుడి పిడికిలి, తర్వాత ఎడమ పిడికిలి. బొటనవేలు పిడికిలి బయటే ఉండాలి.
2. మోచేతులు మడిచి దండలు.
3. కనుబొమలు పైకెత్తి నుదురు, తర్వాత కళ్లు గట్టిగా మూసి.
4. దవడ. పళ్లు కొరకొద్దు, నాలుకను అంగిలికి నొక్కితే దవడ కింద బిగువు తెలుస్తుంది. వదిలాక పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య సందు ఉండాలి.
5. భుజాలు చెవుల దాకా ఎత్తి వదలడం. ఇది రెండుసార్లు.
6. పొట్ట లోపలికి లాక్కోవడం.
7. పిరుదులు, తొడలు.
8. పాదాలు తలవైపుకు వంచి పిక్కలు.

పిక్కల దగ్గర వేళ్లను ముందుకు చాపితే చాలామందికి పిక్క పట్టేస్తుంది, అందుకే పాదాన్ని తలవైపుకే వంచమనేది. పట్టేస్తే మోకాలు చాపి, మునివేళ్లను చేత్తో మీ వైపు లాగి పట్టుకోండి. వేసవిలో ఇలా మాటిమాటికీ అవుతుంటే ఒంట్లో నీళ్లూ ఉప్పూ తగ్గాయేమో చూసుకోవాలి. ఇంకో తప్పు, బిగించేటప్పుడు ఊపిరి బిగబట్టడం. బీపీ ఉన్నవాళ్లకు అది మంచిది కాదు. నోటితో అంకెలు పైకి లెక్కపెడుతూ బిగిస్తే ఊపిరి ఆగదు. మెడను విడిగా బిగించాల్సిన పని లేదు, భుజాలతో పాటే దానికి చాలినంత పని పడుతుంది.

మొత్తం వరసకు పదిహేను నిమిషాలు పడుతుంది. టైము లేనిరోజు పిడికిళ్లు, దవడ, భుజాలు చేయండి. ఆఫీసు కుర్చీలోనూ, బస్టాండులో బస్సు కోసం చూస్తూనూ చేసుకోవచ్చు. దెబ్బలు తిన్న భాగం, ఆపరేషన్ జరిగిన భాగం, లైంగిక హింస జరిగిన మనిషికి పొట్ట, తొడలు... వీటిని వరసలోంచి తీసేయండి. అక్కడికి కొన్ని నెలల తర్వాత వెళ్లవచ్చు, వెళ్లకపోయినా నష్టం లేదు.

బిగువుకూ ఆసరాకూ మధ్య

అసలు పని ఇక్కడుంది. మూడో వారానికి ముందు రావద్దు.

చిన్న విషయం ఒకటి ఎంచుకోండి. సున్నా నుంచి పది వరకు బాధను కొలిస్తే అది మూడులో ఉండాలి. వరద రాత్రిని ఎంచుకోవద్దు. నిన్న కరెంటు ఆఫీసు క్యూలో ఎవరో కసురుకున్న మాట చాలు. దాన్ని తలచుకోగానే ఒంట్లో ఎక్కడ మార్పు వచ్చిందో చూడండి. గొంతు దగ్గర అడ్డం పడిందా, ఛాతీ ముడుచుకుందా, పొట్టలో ముడిపడిందా. కథ అక్కడే వదిలేయండి. ఎవరేమన్నారు, ఎందుకన్నారు అన్నది ఇప్పుడు వద్దు. ఆ చోటును మాత్రం చూడండి. ఎంత వెడల్పు, వేడా చల్లనా, కదులుతోందా నిలిచి ఉందా. ఇరవై సెకన్లు. ఆ తర్వాత ధ్యాసను తీసుకెళ్లి ఆసరా దగ్గర పెట్టండి, అరికాళ్లో అరచేతులో. అక్కడ నలభై సెకన్లు. మళ్లీ బిగువు దగ్గర ఇరవై. మళ్లీ ఆసరా.

ఇలా నాలుగైదు సార్లు వెళ్లిరండి, అంతకు మించొద్దు. ఆసరా దగ్గర ఎప్పుడూ రెట్టింపు సేపు ఉండాలి. సరిగ్గా జరుగుతుంటే మూడో రాకపోకకల్లా బిగువు ఏదో ఒకలా మారుతుంది. చోటు మారుతుంది, పల్చబడుతుంది, వేడెక్కుతుంది, చేతుల్లోకి సన్నటి వణుకు దిగుతుంది. కళ్లలో నీళ్లు తిరగవచ్చు. ఊపిరి ఆడుతూ, గది కనిపిస్తూ, నేను ఇక్కడే ఉన్నాను అని తెలుస్తూ వచ్చే ఏడుపు మంచిదే, రానివ్వండి. గది మాయమై ఆనాటి చోటులోనే ఉన్నట్టు అనిపిస్తూ వచ్చే ఏడుపు మోతాదు మించిందని చెబుతోంది. వెంటనే కళ్లు తెరిచి ఆపండి.

అంకె ఐదు దాటితే ఆ రోజుకు ఇక చాలు. అంకె కదలకపోతే బలవంతపెట్టొద్దు, చుట్టూ చూసే అభ్యాసం చేసి లేచిపోండి. ఏమీ తెలియడం లేదు, అంతా మొద్దుగా ఉంది అనిపిస్తే ఆ మొద్దుతనాన్నే చూడండి. అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోంది? దానికీ అంచులుంటాయి. పెద్ద గాయాల జోలికి, అంటే ఏడు, ఎనిమిది, తొమ్మిదిలో ఉన్నవాటి జోలికి ఒంటరిగా వెళ్లకండి. వాటికి శిక్షణ ఉన్న మనిషి ఎదురుగా ఉండాలి.

గోడను నెట్టడం, వణకనివ్వడం

ఆనాడు ఎదురుతిరగలేకపోయిన చేతులకు ఇప్పుడు ఆ పని నిదానంగా చేసే అవకాశం ఇవ్వడం ఒక పద్ధతి. గోడకు మూరెడు దూరంలో ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టి నిలబడండి. రెండు అరచేతులూ ఛాతీ ఎత్తులో గోడకు ఆనించి, బలం మెల్లగా పెంచుతూ పది సెకన్లు నెట్టండి. బలం వెనక కాలి మడమ నుంచి, తొడ మీదుగా, వీపు నుంచి చేతుల్లోకి రావడం గమనించండి. అంతే మెల్లగా తగ్గించండి. కావాలంటే నెట్టేటప్పుడు వద్దు అనో, ఆగు అనో మామూలు గొంతుతో అనండి. మూడుసార్లు చాలు. కోపం పొంగితే ఇంకా మెల్లగా చేయాలి. దిండ్లను బాదడం, సామాన్లు విసరడం కోపాన్ని తగ్గించవు, దానికి అలవాటు చేస్తాయి.

వణుకు అభ్యాసం గురించి ఈ మధ్య వీడియోలు చాలా తిరుగుతున్నాయి. కాళ్లను అలసేలా చేసి, వెల్లకిలా పడుకుని అరికాళ్లు ఒకదానికొకటి ఆనించి, మోకాళ్లను రెండు వైపులా వాల్చి, తర్వాత వేలెడంత పైకి తెస్తే తొడల్లో వణుకు పుడుతుంది. అందులో వింతేమీ లేదు, అలసిన కండరం అలా వణుకుతుంది. కొందరికి ఆ తర్వాత తేలికగా ఉంటుంది. మొదటిసారి రెండు నిమిషాలు, వారం తర్వాత ఐదు, ఎప్పుడూ పదికి మించొద్దు. కాళ్లు చాపేసి పక్కకు తిరిగి పడుకుంటే వణుకు ఆగాలి. మీరు అనుకున్నప్పుడు ఆపలేకపోతే ఈ అభ్యాసం మీకు కాదు. ట్రామా పెద్దదైతే దీన్ని వీడియో చూసి మొదలుపెట్టడం మంచిది కాదని మా గట్టి అభిప్రాయం.

మోతాదు మించితే

గది దూరంగా జరిగినట్టు, గొంతులు ఎక్కడి నుంచో వస్తున్నట్టు, చేతులు మీవి కానట్టు అనిపించడం, చూపు ఒకేచోట నిలిచిపోవడం. లేదా గుండె దడ, ముచ్చెమటలు, పారిపోవాలన్న తహతహ. రెండిటికీ చేయాల్సింది ఒకటే. కళ్లు తెరిచి లేచి నిలబడండి. పాదాలను నేలకు గట్టిగా నొక్కండి. చల్లటి స్టీలు గ్లాసు పట్టుకుని నీళ్లు గుక్కగుక్కగా తాగండి, ముఖం మీద చల్లుకోండి. కనిపించేవి ఐదు, తాకగలిగేవి నాలుగు, వినిపించేవి మూడు, వాసనలు రెండు, రుచి ఒకటి పైకి చెప్పండి. ఈరోజు తారీఖు, మీ వీధి పేరు, మీ వయసు పైకి అనండి. పెద్ద ఉసిరికాయ పచ్చడి ముక్కో, అల్లం ముక్కో నాలుక మీద పెట్టుకుంటే మనసు గదిలోకి త్వరగా వస్తుంది. ఇవన్నీ చేసినా అరగంటకు కుదుటపడకపోతే దగ్గరివాళ్లను పిలవండి.

అభ్యాసం ముగిశాక పది నిమిషాలు కూర్చునే ఉండండి. వెంటనే బండి తీసుకుని బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లోకి వెళ్లొద్దు. ఒళ్లు సడలినప్పుడు బ్రేకు వేసే చురుకు తగ్గుతుంది. నోట్‌బుక్‌లో తారీఖు, ముందు అంకె, తర్వాత అంకె, ఆ రాత్రి నిద్ర ఎలా పట్టిందో, నాలుగు ముక్కలు రాయండి. వారానికి నాలుగు రోజులు, రోజుకు ఇరవై నిమిషాల లోపు. ఎక్కువ చేస్తే త్వరగా తగ్గుతుందనేది ఇక్కడ చెల్లదు. మొదటి రెండు వారాల్లో కలలు కాస్త ఎక్కువ కావచ్చు. వరసగా మూడు రాత్రులు నిద్ర చెడితే సగానికి తగ్గించి, మొదటి వారం అభ్యాసాలకు వెనక్కి వెళ్లండి. ఆరేడు వారాలకు ఉలికిపాటు తగ్గడం, దవడ నొప్పి తగ్గడం, కోపం వచ్చినా త్వరగా దిగిపోవడం లాంటివి కనిపించాలి. ఏమీ కనిపించకపోతే ఒంటరి ప్రయత్నం చాలు, మనిషి సాయం తీసుకోండి.

ఇంట్లోవాళ్లు ఏం చేయాలి

మర్చిపో, అందరికీ ఉన్నవే, దిష్టి తీయిస్తే పోతుంది అని చెప్పొద్దు. ఒళ్లు వణుకుతుంటే పట్టుకుని అణచొద్దు. అడక్కుండా కౌగిలించుకోవద్దు, చెయ్యి పట్టుకోమంటావా అని అడగండి. ఎదురుగా కాకుండా కొంచెం పక్కగా కూర్చుని, మీ ఊపిరి మీరు నిదానంగా తీసుకుంటూ ఉంటే చాలు. ఏం జరిగిందో చెప్పమని తవ్వొద్దు.

థెరపిస్టును వెతుక్కునేటప్పుడు

గుంటూరు, విజయవాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రుల్లోనూ, మంగళగిరి ఎయిమ్స్‌లోనూ మానసిక వైద్య విభాగాలున్నాయి. ముందు అక్కడ చూపించుకుంటే జబ్బు ఏమిటో తేలుతుంది, ఖర్చూ తక్కువ. క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. నంబరు అడగడంలో మొహమాటం అక్కర్లేదు. ఒంటి పద్ధతి నేర్చుకున్నామని చెప్పేవాళ్లను ఎక్కడ, ఎంతకాలం శిక్షణ తీసుకున్నారో అడగండి. రెండు రోజుల వర్క్‌షాపు సర్టిఫికెట్ ట్రామాకు చాలదు.

ముట్టుకునే పద్ధతి అయితే ఎక్కడ, ఎందుకు ముట్టుకుంటారో ముందే చెప్పాలి, ప్రతిసారీ అడగాలి, వద్దంటే ఆ క్షణమే ఆగాలి. బట్టలు తీయాల్సిన అవసరం ఈ చికిత్సలో ఎక్కడా లేదు. ఆడవాళ్లు తోడుగా ఇంకొకరిని గదిలో కూర్చోబెట్టుకుంటామంటే ఒప్పుకోని చోటు నుంచి వచ్చేయండి. మొదటి రోజే అంతా చెప్పేయమని తొందరపెట్టేవాళ్లు, గుంపులో నిలబెట్టి ఏడిపించేవాళ్లు, మందులు మానేయమనేవాళ్లు, ఇన్ని సిట్టింగుల్లో నయం అని రాసిచ్చి మొత్తం డబ్బు ముందే అడిగేవాళ్లు వద్దు. మంచి థెరపిస్టు మొదటి రెండు మూడు సార్లు మీ నిద్ర, తిండి, మందులు, ఇంట్లో తోడు ఎవరున్నారో కనుక్కుని, ఆసరా పట్టుకోవడం నేర్పి, ఆ తర్వాతే గాయం దగ్గరకు వస్తారు.

వెళ్లేటప్పుడు ఆ నోట్‌బుక్, వాడుతున్న మందుల చీటీ, చేయించిన పరీక్షల కాగితాలు పట్టుకెళ్లండి. జరిగింది చెప్పడానికి నోరు రాకపోతే, ఒంట్లో ఎక్కడ, ఏ వేళలో, దేని వల్ల ఎక్కువవుతోందో ఆ మూడు మాటలు చెబితే మొదటి రోజుకు సరిపోతుంది.